పాప పడుకుంది

మా తమ్ముడు వీర్రాజు ఇంట్లో కుక్కరు కూత వెయ్యదు. బుసబుసమనడం మొదలవగానే వాడు ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి స్టవ్ కట్టేస్తాడు. అందుకే ఆ ఇంట్లో అన్నం ఎప్పుడూ పలుకుగానే ఉంటుంది. మిక్సీ అటకెక్కింది. కాలింగ్ బెల్లు వైరు వాడే పీకేశాడు. నేను గుమ్మంలో చెప్పులు విడిచేటప్పుడు కాస్త చప్పుడైతే చాలు, పెదవులమీద వేలు పెట్టుకుని కళ్ళెర్రజేస్తాడు.

"మెల్లగా రాక్కా! పాప పడుకుంది."

పాప లేదు. పోయిన వానాకాలంలో తండ్రి స్కూటరు వెనకాల కూర్చుని వస్తుండగా, కాకినాడ హార్బరు రోడ్డులో లారీ కొట్టేసింది. మా తన్మయి. తొమ్మిదేళ్ళ పిల్ల. అక్కడికక్కడే పోయింది. తండ్రి మాత్రం తల పగిలి, ప్రాణంతో ఆసుపత్రికొచ్చాడు. ఆ ప్రాణాన్ని నిలబెట్టింది నేనూ, నా మందూను.

నేను డాక్టర్నే గానీ నాడి చూసే డాక్టర్ని కాను. పేరు నూకరత్నం. మెదడుకి దెబ్బ తగిలాక ఏం జరుగుతుందన్నది నా పరిశోధన. వీర్రాజు మాత్రం పదిమందిలో నన్ను "ఎలకల డాక్టరు" అని పరిచయం చేసేవాడు. వాడిదేమన్నా గొప్ప ఉద్యోగమా? మైకుసెట్టు వ్యాపారం! పెళ్ళిళ్ళకీ, జాతరలకీ, ఓట్ల మీటింగులకీ ఇంతింత పెట్టెలు పంపేవాడు. ఆ ఇంట్లో మనిషి మాట మనిషికి వినపడేది కాదు. తన్మయి బడి నుంచి రాగానే మైకు పట్టుకుని "హలో, హలో, మా అమ్మ ఇవాళ కూడా బీరకాయే వండింది" అని వీధి వీధంతా వినపడేలా చాటేది. పక్కింటివాళ్ళు గోడమీంచి తిట్టేవారు, తిడుతూనే నవ్వేవారు. అలాంటి ఇల్లది.

ఇప్పుడు నా మందు సంగతి చెప్పాలి. తలకి దెబ్బ తగిలిన క్షణంలో చచ్చిపోయే కణాలు కొన్నే. అసలు నాశనమంతా ఆ తర్వాత రోజుల్లో జరుగుతుంది. చితికిన కణాల్లోంచి చెడిపోయిన ఆక్సిజన్ కారి పక్కనున్న మంచి కణాల్ని కాలుస్తుంది, అవి వాటి పక్కవాటిని కాలుస్తాయి. దీన్ని ఆర్పే యాంటీ ఆక్సిడెంట్లు లోకంలో బోలెడున్నాయి. కానీ అవి మెదడులోకి సరిగా పోవు, పోయినా నిలవవు. నేనూ, నాతో పనిచేసే సాల్మన్ రాజూ కలిసి తయారుచేసింది మాత్రం నిలుస్తుంది. కణం పొరకి అతుక్కుని, వచ్చిన నిప్పుని వచ్చినట్టు మింగుతుంది. దానికి నోరు తిరగని పేరొకటుంది. ల్యాబులో మేమంతా జిగురు అనేవాళ్ళం. మనుషులమీద వాడి చూడడానికి అప్పటికే అనుమతి వచ్చింది. మొదటి మనిషి నా తోడబుట్టినవాడే అవుతాడని నేను కలగన్నానా?

ఆ సాయంత్రం ఆసుపత్రిలో మెదడు సర్జను ముఖం చూస్తేనే నాకు అర్థమైపోయింది. "వాపు మొదలైంది మేడమ్. మీ మందు ఉందిగా, తెప్పించండి," అన్నాడు. సాల్మన్ ఐసుపెట్టెలో పెట్టుకుని తెచ్చాడు. మరదలు అనంతలక్ష్మి చేతే సంతకం పెట్టించుకున్నాను. సీసా కట్టి, చుక్క పడడం మొదలయ్యాక, మా అందరినీ హడలగొడుతూ వీర్రాజు కళ్ళు తెరిచాడు.

"అనంతా... పాపేది?"

అదే ఆసుపత్రిలో, కింద, తెల్లగుడ్డ కప్పి ఉంది పాప. అప్పుడే చూసొచ్చింది అనంత. గోడకి తల బాదుకుని నుదురు బొప్పికట్టి ఉంది. అలాంటిది, ఒక్క క్షణంలో పమిటతో ముఖం తుడుచుకుని, వాడి చెవి దగ్గరికి వంగి, ఏమీ జరగనట్టు చెప్పింది.

"పాప పడుకుందండీ. మెల్లగా మాట్లాడండి."

వాడు హాయిగా ఊపిరి పీల్చి కళ్ళు మూసుకున్నాడు. శభాష్ తల్లీ, అనుకున్నాను మనసులో. మనలో ఎవరైనా చేసే పనే అది. దెబ్బ తగిలి మంచంమీదున్నవాడికి చావుకబురు చెప్పేవాణ్ణి మనం మనిషిగా లెక్కెయ్యం. కోలుకున్నాక చెబుదాంలే అంటాం. నర్సు అదే అంది, సర్జనూ అదే అన్నాడు. పైన సీసాలోంచి జిగురు చుక్కచుక్కగా దిగుతూనే ఉంది.

వీర్రాజు కోలుకున్న తీరు చూసి సర్జను నోరెళ్ళబెట్టాడు. మాట తడబడలేదు, నడక తూలలేదు. ఏ ఊళ్ళో ఏ ఆంప్లిఫయరు పాడైందో, ఎవరు బాకీ ఉన్నారో అన్నీ చెప్పాడు. నేను ల్యాబులో అందరికీ పూతరేకులు పంచాను. సిగ్గులేకుండా పంచాను, ఏం చెప్పను. మేనకోడలు పోయిన దుఃఖంలో కూడా తమ్ముడు దక్కాడన్న సంతోషం అలా తన్నుకొచ్చింది.

ఇంటికి తీసుకొచ్చాక, ఇక చెప్పక తప్పదని, వాణ్ణి కూర్చోబెట్టి నేనే చెప్పాను. విన్నాడు. గుండెలు బాదుకున్నాడు. నేలమీద పడి దొర్లాడు. అనంత వాణ్ణి ఒళ్ళో వేసుకుని, ఇన్నాళ్ళకి తనకో తోడు దొరికినట్టు, గొంతెత్తి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి వాడికి కునుకు పట్టింది. మేం కాఫీ కూడా పెట్టుకోలేదు, ఈలోపే లేచాడు. వెక్కుతున్న పెళ్ళాన్ని చూసి కంగారుగా దగ్గరికొచ్చాడు.

"ఏంటనంతా ఆ ఏడుపు? మెల్లగా! పాప లెగుస్తాది."

అనంత నావైపు చూసింది. నేను దాని వైపు చూడలేకపోయాను.

మళ్ళీ చెప్పాం. మళ్ళీ దొర్లాడు, మళ్ళీ నిద్రపోయి లేచి మళ్ళీ అదే మాట. ఖాళీ మంచం చూపిస్తే "బాత్రూముకెళ్ళినట్టుంది" అని బయటికొచ్చేశాడు. ఫోటోకి దండ వేస్తే "దాని ఫోటోకి పూలెందుకే, బుద్ధుందా?" అని తీసి పారేశాడు. మూడోసారి చెప్పబోతుంటే అనంతే నా నోరు మూసింది.

"వద్దు వదినా. ప్రతిసారీ కొత్తగానే చస్తన్నారు. ఇంక నేను చూళ్ళేను."

తక్కినవన్నీ వాడికి తెలుస్తూనే ఉన్నాయి. కరెంటు ఛార్జీలు పెరిగాయని తెలుసు, వీధి చివర కొత్త టిఫిన్ సెంటరు పెట్టారని తెలుసు. పిల్ల దగ్గరికొచ్చేసరికి ఆ ఒక్క మాటే నిజం. మధ్యాహ్నమైనా పడుకునే ఉంటుంది, బడి వేళైనా పడుకునే ఉంటుంది. "నలతగా ఉందేమో, ఇవాళ సెలవు పెట్టించు" అంటాడు. లేపాలని ఎప్పుడూ అనడు. పిల్ల నిద్ర చెడగొట్టే తండ్రి కాదు వాడు.

కారణం నాకు ఎలకలే చెప్పాయి. సాల్మన్ ఓ రోజు పిలిచి చూపించాడు. దారులు దారులుగా కట్టిన పెట్టెలో ఒక ఎలక. జిగురు ఎక్కించిన రోజున ఎడమ తలుపు వెనక వేరుశెనగపలుకు పెట్టారు. తర్వాత పలుకుని కుడి తలుపు వెనక్కి మార్చేశారు. మామూలు ఎలకలు ఒకటి రెండుసార్లు ఎడమకెళ్ళి, లేదని తెలుసుకుని కుడికి పోతాయి. ఇది పోదు. ఎదురుగా కుడి తలుపు తెరిచి పలుకు చూపించి తినిపించినా సరే, మర్నాడు మళ్ళీ ఎడమ తలుపు దగ్గరే కూర్చుంటుంది.

"ఇన్నాళ్ళూ వీటికి జ్ఞాపకశక్తి పెరిగిందనుకున్నాం కదా మేడమ్," అన్నాడు సాల్మన్. "పెరగలేదు. గడ్డకట్టింది."

ఆ చెడిన ఆక్సిజన్ ఎక్కువైతే కాలుస్తుంది, నిజమే. కానీ అదే నిప్పు చిటికెడుంటేనే మెదడు పాతదాన్ని చెరిపి కొత్తది రాసుకోగలదు. మేం ఇల్లు తగలబడుతోందని పొయ్యిలో నిప్పు కూడా ఆర్పేశాం. దెబ్బ తగిలినచోట, జిగురు పట్టుకునే వేళ చివరగా పడ్డ మాట ఏదో, అది తడి సిమెంటులో కాలిముద్రలాగా ఉండిపోయింది. ఎవరిని తిట్టను? నాకు నోరు జాస్తి, తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి. మరదల్ని తిట్టనా? దాన్ని తిట్టే నోరు పడిపోదూ!

అనంత చిక్కి సగమైంది. కన్నపిల్ల పోతే గొంతెత్తి ఏడ్చే భాగ్యం కూడా లేదు దానికి. పరామర్శకొచ్చినవాళ్ళు గుమ్మం బయటే గుసగుసలాడి వెళ్ళిపోయేవారు. వాళ్ళకి వీర్రాజే మునివేళ్ళమీద నడుస్తూ కాఫీ తెచ్చేవాడు, సంతోషంగా. అదీ నరకం. ఆ ఇంట్లో సుఖంగా ఉన్నది వాడొక్కడే. అనంత వంటింట్లో నోట్లో కొంగు కుక్కుకుని ఏడిస్తే, వాడు వెనకనుంచి వచ్చి "జలుబు చేసిందా? ముక్కు చీదకు, పాప లెగుస్తాది" అనేవాడు.

ఒకరోజు అది సరాసరి నా ల్యాబుకొచ్చింది. "వదినా, ఇక్కడ తలుపేస్తే బయటికి వినపడదు కదా?" అంది. మందులు దాచే చల్లగదిలోకి తీసుకెళ్ళి తలుపేశాను. అప్పుడేడ్చింది చూడండి! పిల్లని పేరుపెట్టి పిలుచుకుంటూ, దాని జడనీ, దాని ఊడిన పన్నునీ, అది తినకుండా లేచిన ఆఖరి ముద్దనీ తలుచుకుంటూ, పొట్టమీద గుద్దుకుంటూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ చలికి ఇద్దరం గడగడా వణికాం. బయటికొచ్చాక దాని పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఆ జిగురు ఊడగొట్టే మందు లేదా వదినా?"

ఉంది. సాల్మన్ పగలూ రాత్రీ దానిమీదే ఉన్నాడు. విడుపు అని పేరు పెట్టుకున్నాం. అది ఎక్కించాక ఆ మొండి ఎలక కుడి తలుపుకి వెళ్ళి పలుకు తింది. సాల్మన్ ఎగిరి గంతేశాడు కూడా. కానీ ఇంకో ఎలక గుమ్మంలోనే నిలబడిపోయింది. దానికి ఎడమా గుర్తులేదు, కుడీ గుర్తులేదు, అసలు ఆ పెట్టెలో ఎప్పుడూ తిరిగినట్టే లేదు. ఇవన్నీ దాచకుండా చెప్పాను అనంతకి.

"జిగురు పోతే, అప్పుడు ఆగిన మంట మళ్ళీ అంటుకోవచ్చే. ఎంతవరకు పాకుతుందో నాకు తెలీదు. తెలిసినట్టు నటించను. ఇప్పుడు మనిషైతే బాగున్నాడు."

"బాగున్నారు. మరి నేనో?" అంది. అనేసి, అన్నందుకు తనే బాధపడి, నా చెయ్యి పట్టుకుంది. "ఆయన్నొదిలేసి నేనొక్కదాన్నే ఏడుస్తుంటే దొంగతనం చేస్తున్నట్టుంది వదినా. ఇద్దరం కన్నాం. ఇద్దరం ఏడవాలి. ఒక్కసారి ఆయన నాతో కలిసి ఏడిస్తే చాలు, ఇంకేం అడగను."

ఆసుపత్రి పెద్దలు నెలల తరబడి తర్జనభర్జన పడి ఒప్పుకున్నారు. వీర్రాజుకి కూడా చెప్పాలి కదా. తలలో పాత మందు ఉండిపోయిందిరా, తియ్యాలి, ప్రమాదం ఉంది, కొన్ని సంగతులు మరిచిపోవచ్చు అని కూర్చోబెట్టి చెప్పాను. వాడు శ్రద్ధగా విని తలూపాడు.

"నువ్వు చేసేదేగా అక్కా, చెయ్యి. కాకపోతే తొందరగా తెముల్చు. పాప లేచేలోపు ఇంటికెళ్ళిపోవాలి. కళ్ళు తెరిచేసరికి నేను కనపడకపోతే బెంగెట్టుకుంటాది."

సూది పట్టుకున్న సాల్మన్ పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

విడుపు ఎక్కించిన వారానికి, ఒక ఉదయం, అనంత మళ్ళీ చెప్పింది. ఈసారి నన్ను చెప్పనివ్వలేదు. మంచంమీద వాడి పక్కన కూర్చుని, చేతులు రెండూ పట్టుకుని, "పాప లేదండీ. ఆ రోజే పోయింది," అంది. వాడు చేతులు విడిపించుకుని లేచాడు. లోపలి గదికెళ్ళి పాప మంచం చూశాడు. దుప్పటి తడిమాడు. ఆ రాత్రి పక్కమీదికి వెళ్ళలేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కూర్చుని, తెల్లవారుజామున అలాగే కునుకు తీశారు. తెల్లారాక నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని వెళ్ళేసరికి, వాడి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"అక్కా, నా బంగారం పోయిందే!"

ఆ మాట విని నా గుండె చెరువైంది. అయినా లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాను. గుర్తుంది! వాడికి గుర్తుంది!

ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఏడుపు ఏడుపులా ఉండేది. మొగుడూ పెళ్ళాం వీధంతా వినపడేలా ఏడ్చారు. కుక్కరు కూత వేసింది. చుట్టాలొచ్చి నోరారా పరామర్శించారు. ఫోటోకి వీర్రాజే దండ వేశాడు. ఆ లారీ ఎటునుంచి వచ్చిందో, ఆ ముందు క్షణం దాకా పిల్ల వాడి వీపుమీద వేలితో అక్షరాలు రాస్తూ "ఏం రాశానో చెప్పు నాన్నా" అని ఎలా వేధించిందో చెప్పాడు. అనంతకి అవేవీ అప్పటిదాకా తెలీవు. అడిగి అడిగి మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. "ఇప్పుడు నాకు కొంచెం అన్నం దిగుతోంది వదినా," అంది నాతో.

తర్వాత ఒకరోజు వాడు బడిసంచీ తీసి, "ఇదేంటి, నాలుగో తరగతి పుస్తకాలు? అది రెండోదేగా," అన్నాడు.

మేం తడబాటనుకున్నాం. కాదు. ఆగిన మంట అంటుకుంది. దెబ్బ తగిలినచోటు నుంచి వెనక్కి, కొత్త సంగతులనుంచి పాత సంగతులవైపు పాకుతోంది. సాల్మన్ స్కానులు చూసి బల్లమీద తల పెట్టేసుకున్నాడు. మళ్ళీ జిగురు ఎక్కించాం. ఈసారి అతుక్కోలేదు. కాలిన గోడకి సున్నం పట్టనట్టే అయింది.

వాడి తలలో పిల్ల రోజురోజుకీ చిన్నదైపోయింది. రెండో తరగతి పోయింది. పలకా బలపం పోయాయి. లారీ ఎప్పుడో పోయింది, చావు కూడా పోయింది. ఒకరోజు నడక నేర్చుకుంటున్న పిల్ల కోసం గుమ్మానికి అడ్డం కర్ర కట్టాడు. ఇంకోరోజు పాలసీసా ఏదని వెతికాడు. అనంత వాడి వెంటే తిరుగుతూ, "ఇది దాని గౌను, ఇది దాని గజ్జెలు" అని చూపిస్తూనే ఉంది. ఫోటో చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా తిరిగిచ్చాడు.

"ముద్దుగా ఉంది. ఎవరి పాపే?"

ఆ పగలు నేనక్కడే ఉన్నాను. అనంత ఫోటో గుండెలకి హత్తుకుని కూలబడిపోయింది. దాని ఏడుపు విని వాడు కంగారుపడి పక్కన చతికిలబడ్డాడు. పెళ్ళయ్యాక ఏడేళ్ళదాకా పిల్లల్లేరు వాళ్ళకి. ఎవరింట్లో బారసాలకెళ్ళొచ్చినా అది ఇలాగే మూల కూర్చుని ఏడ్చేది, వాడు ఇలాగే పక్కన చేరి ఓదార్చేవాడు. మా తమ్ముడు ఆ రోజుల దగ్గరికెళ్ళి ఆగాడు. దాని జుట్టు సవరించి, కొంగుతో దాని కళ్ళు తుడిచాడు.

"పిచ్చిదానా, ఇంకోళ్ళ పిల్లని చూసి ఏడుస్తారా? మనకీ పుడతాదిలే. మన వయసేం మించిపోయింది? ఆడపిల్లే పుడతాది చూడు. పేరు కూడా అనుకున్నాను నేను."

అనంత ఏడుపు ఆపింది. వాడి ముఖంలోకి ఆశగా చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోలేను.

"ఏం పేరండీ?"

"శ్రావ్య. బాగుందా?"

దాని చేతిలో తన్మయి నవ్వుతోంది. అనంత ఫోటోని మెల్లగా ఒళ్ళో బోర్లించింది.

"బాగుందండీ," అంది.